వలందా, ఫిరంగి, కోరంగి: పరదేశీయులకు మన భాషల్లో పేర్లు

ఇతర దేశాల మనుషులను, వస్తువులను సూచించే పదాలు చాలా వరకు రేవు పట్టణాల మీదుగానే భాషలోకి వస్తాయి. తపతీ తీరంలోని సూరత్, కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం ఇందుకు చక్కని ఉదాహరణలు. 17వ శతాబ్దంలో ఈ రెండు రేవుల్లోనూ ఒకే ఐరోపా కంపెనీలు వర్తక స్థావరాలు నెలకొల్పాయి. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో, ఫ్రెంచివారు 1669లో స్థావరాలు తెరిచారు. సూరత్‌లో ఆంగ్లేయులు 1613లో, డచ్చివారు 1616లో, ఫ్రెంచివారు 1668లో అదే పని చేశారు.

రెండు తీరాలు, ఒకే పేరు

డచ్చివారిని గుజరాతీలో 'వలందా' అంటారు. హాలండ్ అనే దేశనామమే ఇలా మారింది. మచిలీపట్నంలోని వలందపాలెం పేరులో ఉన్నదీ ఈ పదమే. అదే ఊళ్లో ఇంగ్లీషుపాలెం, ఫ్రెంచివారి పేరు మీద పరాసుపేట కూడా ఉన్నాయి. మలబారు మొక్కల వివరాలను స్థానిక భాషల్లోని పేర్లతో సహా 'హోర్టస్ మలబారికస్' అనే 12 సంపుటాల గ్రంథంగా కూర్పించిన డచ్చి అధికారి హెండ్రిక్ వాన్ రీడ్ 1691లో మరణించారు. ఆయన సమాధి సూరత్‌లోనే ఉంది.

పోర్చుగీసువారి విషయంలో మాత్రం రెండు భాషలూ వేర్వేరు దారులు పట్టాయి. తెలుగు వారి పేరునే పలికి 'బుడతకీచులు' అన్నది. గుజరాతీ వారిని 'ఫిరంగీ' అన్నది. పశ్చిమ ఐరోపాకు చెందిన ఫ్రాంకు జాతి పేరు అరబ్బీ, పారశీ భాషల్లో 'ఫరంగ్' అయి, అక్కడినుంచి మన దేశానికి చేరింది. తెలుగులో ఆ మాట మనిషిని విడిచి ఆయుధానికి అంటుకుంది. నేడు ఫిరంగి అంటే మనకు స్ఫురించేది శతఘ్నే. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం 'భావప్రకాశ' ఒక సుఖవ్యాధిని 'ఫిరంగ రోగం' అని పేర్కొన్నది.

సీమ, విలాయతి

వస్తువులకు పేరు పెట్టడంలో తెలుగుకు 'సీమ' అనే విశేషణం బాగా ఉపయోగపడింది. సీమ అంటే ప్రాంతం. కోనసీమ, రాయలసీమ అనడంలో ఉన్న అర్థం అదే. ఆంగ్లేయుల కాలంలో దానికి ఇంగ్లండు, సముద్రాల అవతలి దేశం అన్న అర్థాలు కూడా చేరాయి. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల చెట్టు మనకు సీమచింత అయింది. పలక మీద రాసే సుద్ద సీమసున్నమైంది.

హిందీ, గుజరాతీ భాషల్లో ఇదే పని 'విలాయతీ' చేస్తుంది. 'విలాయత్' అనే అరబ్బీ మాటకు మూలార్థం పాలిత ప్రాంతం. సొంత నేలను చెప్పే మాట పరాయి నేలకు గుర్తుగా మారడం సీమకూ విలాయత్‌కూ సమానమే. చైనా పేరు కూడా ఇలాగే నిలిచింది. రాయలసీమలో బత్తాయిని 'చీనీ' అంటారు. హిందీలో చక్కెరకు చీనీ అనే పేరు.

మనకు పెట్టిన పేర్లు

ఈ పేర్లు పెట్టినది మనం మాత్రమే కాదు. బర్మా వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ 'కోరంగీలు' అన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరు అది. అదే రంగూన్‌లో సూరత్ వర్తకులు 'సూర్తీలు' అయ్యారు, వారి పేరిట సూర్తీ బడా బజారు వెలసింది. ఇద్దరికీ పేరు వచ్చింది సొంత రేవు నుంచే. అయితే వర్తకుడి పేరు బజారుకు గౌరవమైంది, కూలీ పేరు చిన్నచూపుకు గుర్తయింది. మలేషియాలో కళింగ నామం నుంచి వచ్చిన 'కెలింగ్' అనే మాటను అక్కడి భారత సంతతివారు నేడు అవమానంగా భావిస్తున్నారు.

తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కార్మికులు సూరత్‌లో పెద్ద సంఖ్యలో ఉన్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఇతర రాష్ట్రాల వారిని గుజరాతీలో 'పరప్రాంతీయ' అంటారు. తెలుగులో 'పరదేశి' అంటే వేరే దేశంవాడనే కాదు, దిక్కులేనివాడని కూడా అర్థం. చట్టం దృష్టిలో భారత పౌరులు కానివారే విదేశీయులు. రాష్ట్రం మారినంత మాత్రాన ఎవరూ పరాయివారు కారు. అయినా ఈశాన్య రాష్ట్రాల పౌరులను ముఖకవళికలను బట్టి 'చైనీయులు' అని పిలవడం నగరాల్లో ఇప్పటికీ వినిపిస్తోంది. ఇటువంటి వివక్షను పరిశీలించేందుకు కేంద్రం 2014లో బెజ్బరువా కమిటీని నియమించింది.

నేటి వాడుక

దేశనామానికి '-ఈయులు', '-వారు', 'దేశస్థులు' చేర్చడం తెలుగులో స్థిరపడిన పద్ధతి. జపనీయులు, ఫ్రెంచివారు, ఒమన్ దేశస్థులు అన్నవి ఇలా ఏర్పడినవే. దేశం తెలిసినప్పుడు దాని పేరే చెప్పడం మేలు. ఆఫ్రికాలో 50కి పైగా దేశాలున్నాయి కనుక నైజీరియా విద్యార్థిని 'ఆఫ్రికన్' అని సరిపెట్టడం అసంపూర్ణ సమాచారమే అవుతుంది. ఇరాన్ పౌరుల్లో అధికులు అరబ్బులు కారు. అబిసీనియా పేరు నుంచి పుట్టిన 'హబ్షీ' చరిత్ర రచనలో అవసరమైన పదం. హైదరాబాద్‌లోని హబ్సిగూడ పేరును కూడా దానితోనే ముడిపెడతారు. కానీ నేటి మనిషిని ఉద్దేశించి వాడితే అది నిందగా వినిపిస్తుంది.

సీమచింతను ఎలా పిలిచినా చెట్టు నొచ్చుకోదు. మనిషికి పెట్టే పేరు అలాంటిది కాదు. దాన్ని వాడే ముందు, ఆ మాట ఎదుటివారి చెవికి ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. కోరంగి అనిపించుకున్న వారి వారసులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.