ఖాళీ ట్యాంకులో ఏముంది?



మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉన్నా, దాదాపు మూడు వైపులా ఆంధ్ర నేలే. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. రెండు భాషలకూ ఉమ్మడిగా ఉన్న మాటలు మాకు కొల్లలు. వాటిలో ఒకటి ‘ఖాళీ’. కన్నడంలో ‘ఖాలి’ అంటారు. అరబ్బీలో పుట్టి, ఉర్దూ గుండా వచ్చి, రెండిళ్లలోనూ స్థిరపడిన మాట ఇది. ఈ చిన్న మాట మనిషిని ఎలా మోసం చేస్తుందో ఈవేళ మీతో చెప్పాలని ఉంది.

ఆ మధ్య రోడ్డు పక్కన ఒక వెల్డింగ్ షెడ్డు ముందు ఆగాను. నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు పాత మోపెడ్ పెట్రోలు ట్యాంకు ముందు పెట్టుకుని, కారే చోట సుద్దముక్కతో గుర్తు పెడుతున్నాడు. పక్కనే గ్యాసు సిలిండర్లు.

“ఏమప్పా, దీనికి మంట పెడతావా?” అన్నాను.

“ఖాళీదే సార్! నిన్ననే పెట్రోలంతా వంపేసినాము” అన్నాడు నవ్వుతూ.

సరిగ్గా ఈ మాట దగ్గరే అమెరికాలో ఒకాయన ఆగి ఆలోచించాడు. ఆయన పేరు బెంజమిన్ లీ వోర్ఫ్. చదివింది రసాయన ఇంజనీరింగు. 1919 నుంచి హార్ట్‌ఫర్డ్ నగరంలో అగ్నిప్రమాద బీమా కంపెనీలో ఉద్యోగం. ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో పరిశీలించడం ఆయన పని. నిండు పెట్రోలు డ్రమ్ముల దగ్గర జనం జాగ్రత్తగా ఉంటారు. ఖాళీ డ్రమ్ముల దగ్గరికి వచ్చేసరికి సిగరెట్టు కాల్చడానికి కూడా వెనుకాడరు. నిజానికి రెండోవే ఎక్కువ ప్రమాదం. ‘ఖాళీ’ అన్న మాటే వారి భయం పోగొట్టిందని ఆయన గ్రహించాడు. 1939లో రాసి, 1941లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతి చెప్పాడు. ఆ బీమా ఉద్యోగిని ఇవాళ భాషాశాస్త్రవేత్తగా లోకం గుర్తు పెట్టుకుంది.

ఖాళీ ట్యాంకు ఎందుకు ప్రమాదం? మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి సుమారు 1.4 నుంచి 7.6 వంతుల దాకా ఉంటే నిప్పు తగలగానే పేలుతుంది. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. పెట్రోలు వంపేస్తే ఆ చోటికి గాలి వస్తుంది, ఆవిరి తోడుగా ఉండనే ఉంటుంది. అయిదు లీటర్ల ట్యాంకులో పది చుక్కల పెట్రోలు ఆవిరైతే చాలు. ఆ పది చుక్కలు తుప్పులోనో, అతుకుల సందులోనో దాగి ఉంటాయి. మంట వేడి తగిలితే బయటికి వస్తాయి. డీజిల్ ట్యాంకైతే ఫరవాలేదనుకోవద్దు. వెల్డింగ్ వేడికి డీజిలూ ఆవిరవుతుంది.

ఇక ఆ మంట చరిత్ర చూద్దాం. 1836లో ఎడ్మండ్ డేవీ ఎసిటిలీన్ వాయువును కనుగొన్నాడు. 1892లో థామస్ విల్సన్ కాల్షియం కార్బైడును విద్యుత్ కొలిమిలో చవకగా చేసే దారి కనిపెట్టాడు. నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వదిలే ఆ కార్బైడు రాళ్లే ఒకప్పుడు మన జాతర్లలో అంగళ్లకు వెలుగిచ్చాయి. 1903లో ఫ్రాన్సులో ఫూషే, పికార్ అనేవారు ఆక్సిజన్‌తో కలిపి మండించే టార్చి తయారు చేశారు. మూడు వేల డిగ్రీలు దాటిన ఆ మంట ఇప్పుడు ఊరూరి షెడ్డులో ఉంది. మంట చేరినంత వేగంగా దాని జాగ్రత్త చేరలేదు.

మన దేశంలో 1934 నాటి పెట్రోలియం చట్టం ఉంది. దాని కింద 2002లో వచ్చిన నియమాల ప్రకారం, పెట్రోలు మోసే ట్యాంకరు లోపల ఆవిరి లేదని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చాకే వెల్డింగ్ చేయాలి. మరి మోపెడ్ ట్యాంకుకు ధ్రువపత్రం ఇచ్చేదెవరు? షెడ్డులో కూర్చున్న ఆ పిల్లవాడే.

అందుకే వాడితో చెప్పినది మీకూ చెబుతాను. వీలైతే ట్యాంకే మార్చండి. చిన్న చిల్లయితే, మంట అక్కర్లేకుండా పెట్రోలు తట్టుకునే రసాయన అతుకుతో మూయవచ్చు. వెల్డింగ్ తప్పదంటే, పని తెలిసినవారే చేయాలి. ట్యాంకు బండి నుంచి విప్పి, ఆరుబయట వంపి, సబ్బు కలిపిన వేడినీళ్లతో పలుమార్లు కడగాలి. తర్వాత అతికే చోటు మాత్రం పైకి ఉండేలా నీళ్లు నింపాలి. ఆవిరి పోవడానికి మూత తీసే ఉంచాలి. గ్యాసు కొలిచే పరికరంతో పరీక్షించాలి. వాసన రాలేదనుకోవడం పరీక్ష కాదు.

ఆ రోజు వాడు టార్చి వెలిగించలేదు. ట్యాంకు తిరగేసి చూసి, “అయితే దీన్ని ఏమనాల సార్, ఖాళీ అనకపోతే?” అని అడిగాడు.

“కడగంది” అనమన్నాను. తెలుగులో అన్నా, కన్నడంలో అన్నా, ఆ మాట చేయాల్సిన పనిని గుర్తు చేస్తుంది.

సెలవు.