రైలు కప్పు, రెండు బోర్డులు

రైలంటే ప్రాణం పెట్టే దోస్తుకి ఏం తోఫా ఇవ్వాలో తోచకపోతే ఇప్పుడు తేలికైన దారి ఒకటుంది: రైలు బొమ్మ కాఫీ కప్పు. మా మధురవాడ దుకాణాల్లోనూ దొరుకుతోంది. నల్లటి స్టీమ్ ఇంజను, గరాటులా పైకి విచ్చుకున్న పొగగొట్టం, ముందు పశువుల్ని పక్కకి నెట్టే ఇనప చట్రం. ఖూబ్‌సూరత్‌గానే ఉంటుంది. కాకపోతే ఆ ఇంజను అమెరికాది. అక్కడ కట్టెలతో ఇంజన్లు నడిపిన రోజుల్లో నిప్పురవ్వలు ఎగిరిపడకుండా పొగగొట్టాన్ని అలా కట్టేవాళ్లు.

మధురవాడకి రైలే లేదనుకోండి. హైవే మన పక్కన పోతే, హౌరా పట్టాలు సింహాచలం కొండకి అవతల పెందుర్తి, కొత్తవలసల మీదుగా పోతాయి. బెజవాడ నుంచి కటక్ దాకా ఆ లైనుని ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే పేరుతో 1893-1896 మధ్య తెరిచారు. కొన్నేళ్లకే దాన్ని రెండు ముక్కలు చేసి, వాల్తేరుకి దక్షిణం వైపు మద్రాస్ రైల్వేకి, ఉత్తరం వైపు బెంగాల్ నాగపూర్ రైల్వేకి అప్పగించారు. అలా మన వాల్తేరు రెండు కంపెనీల సరిహద్దయింది.

ఇంజన్ల తారీఖ్ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కప్పు తారీఖ్ చెప్తాను. ఆ కప్పుకీ ఒక సరిహద్దు ఉండేది.

రైళ్లు వచ్చిన కొత్తలో మన జనానికి చాయ్ అలవాటు లేదు. 1903లో సర్కారు తేయాకు ఎగుమతి మీద సెస్ వేసింది. చాయ్ ప్రచారానికి ఖర్చుపెట్టింది ఆ డబ్బే. తేయాకు వ్యాపారులకి రైల్వే స్టేషన్‌ని మించిన బజారు ఎక్కడ దొరుకుతుంది? రైలు ఆగితే చాలు, వందలమంది ముసాఫిర్లు గొంతు ఎండి దిగుతారు. చిన్న చిన్న వ్యాపారులకి కెటిళ్లూ కప్పులూ తేయాకు పొట్లాలూ ఇచ్చి, జంక్షన్లలో నిలబెట్టారు. దొరల భోజనశాలల్లో పింగాణీ కప్పులు. ప్లాట్‌ఫాం మీద మాత్రం మరో పంచాయితీ: ఈ కప్పు ఇంతకుముందు ఎవరి నోటికి తగిలింది?

ఉర్దూలో జూఠా అంటాం, తెలుగులో ఎంగిలి. ఈ ఒక్క మాట చుట్టూ బ్రిటిష్ హుకూమత్ స్టేషన్లలో ఒక ఏర్పాటు నడిపింది. ‘హిందూ పానీ’ ఒక చోట, ‘ముసల్మాన్ పానీ’ ఇంకో చోట. ఉత్తరాది స్టేషన్లలో హిందువులకి నీళ్లు పోసే బ్రాహ్మణుణ్ణి పానీ పాండే అనేవాళ్లు. ముసల్మానులకి భిస్తీ పోసేవాడు. చాయ్ కూడా అంతే: హిందూ చాయ్, ముసల్మాన్ చాయ్. ఒకే తోట ఆకు, ఒకే బావి నీళ్లు, బోర్డులు మాత్రం రెండు. మట్టి కుల్హడ్ ఆ రోజుల్లో అంత చలామణీ కావడానికి ఇదీ ఒక కారణం. తాగి పగలగొట్టేస్తే ఇంకొకరి జూఠా అన్న బాధే ఉండదు. 2004లో లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా కుల్హడ్‌ని మళ్లీ తెచ్చినప్పుడు కుమ్మరులకి రోజీ దొరుకుతుందన్నారు, మంచిదే. కానీ మట్టివాసన గురించి మురిసిపోయేవాళ్లకి ఆ పాత కారణం యాదికి రాదు.

ఎర్రకోటలో ఖైదీలుగా ఉన్న ఆజాద్ హింద్ ఫౌజ్ సిపాయిలకీ ఇలాగే రెండు రకాల చాయ్ ఇచ్చేవాళ్లట. చూడటానికి వచ్చిన గాంధీతో వాళ్లు ఆ మాటే చెప్పారు. మరి మీరేం చేస్తున్నారని ఆయన అడిగితే, రెండూ కలిపేసి పంచుకుని తాగుతున్నామన్నారు. ఈ కిస్సా మన మజ్లిసుల్లో అందరం గర్వంగా చెప్పుకుంటాం.

ఇక్కడితో ఆపేస్తే మాత్రం ఇన్సాఫ్ కాదు. బోర్డులు రెండే. ఆ రెంటిలో దేని కిందా చోటు లేని ముసాఫిర్ ఒకడున్నాడు.

1901లో అంబేడ్కర్ చిన్న పిల్లవాడు. ఇంటి పిల్లలతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్లో దిగాడు. ఎవరు మీరని స్టేషన్ మాస్టర్ అడిగితే మహర్లమని చెప్పారు. ఆయన మొహం మారిపోయింది. బండి కట్టించుకుని వెళ్లిన ఆ రాత్రంతా చేతిలో తిండి ఉంది, తాగడానికి గుక్కెడు నీళ్లు పుట్టలేదు. ఇదంతా ఆయనే ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాసుకున్నారు.

అదే పుస్తకంలో మనం చదవాల్సిన పేజీ ఇంకోటి ఉంది. 1934, నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట, రంజాన్ నెల. కోట వాకిట్లో ఉన్న నీళ్ల తొట్టిలో అంబేడ్కర్ వెంట వచ్చినవాళ్లు మొహాలు కడుక్కున్నారు. నీళ్లు మైలపడ్డాయని గోల చేసింది ముసల్మానులు! జూఠా అన్న మాటకి మన మజహబులో జాగా లేదని, ఒకే దస్తర్‌ఖాన్ మీద ఒకే పళ్లెంలో తింటే బర్కత్ అని చెప్పుకునే మనవాళ్లే. ఆ పేజీ దాచిపెట్టి ఎర్రకోట కిస్సా ఒక్కటే చెప్పడం నా వల్ల కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక స్టేషన్లలో ఆ బోర్డులు పోయాయి. ఇప్పుడు రైల్లో కాగితం కప్పు, తాగి పారేస్తాం, అడిగేవాడు లేడు. అయినా మన పల్లెల టీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలాకాలం బతికింది. ఇంకా నడుస్తున్న చోట్లూ ఉన్నాయి. ఊళ్లదాకా ఎందుకు, ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పనిమనిషి కోసం వంటింటి కిటికీలో బోర్లించిన స్టీలు గ్లాసు ఏమిటి? హిందువుల ఇళ్లలోనూ చూశాను, మనవాళ్ల ఇళ్లలోనూ చూశాను.

కాబట్టి రైలు కప్పు తోఫా ఇవ్వాలనుకుంటే హాయిగా ఇవ్వండి, ఇంజను అమెరికాదైనా పర్వాలేదు. పుచ్చుకున్నవాళ్లకి నా వైపు నుంచి ఒకటే దర్ఖాస్తు. రేపు పొద్దున పనమ్మాయి వచ్చినప్పుడు చాయ్ ఆ కప్పులోనే పోసివ్వండి. తర్వాత కడుక్కుని మీరూ అందులోనే తాగండి.