ముడి వేయ నేర్చిన యంత్రము

వరికోతల కాలమున గట్టుమీద నిలిచి కోతకూలి చేతులను గమనించినవారికి ఒక సంగతి తెలియును. అతడు పనలను పోగుచేసి, మోకాలితో అదిమి, గడ్డితో పేనిన వెంటిని మోపు చుట్టును త్రిప్పి, రెండు కొసలను మెలిపెట్టి, ఆ మెలికను కట్టు క్రిందికి దోపును. ముడి వేయడు. వేయవలసిన అవసరము లేదు. గడ్డికి గడ్డికి గల ఒరపిడియే మెలికను పట్టి ఉంచును. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో, 19వ శతాబ్దమున అమెరికా దేశపు యంత్రనిర్మాతలు ఏండ్ల తరబడి ఒక ముడి కొరకు ఏల తంటాలు పడిరో, పాత గడ్డిమోపుల యంత్రము నేటికిని ఏల మొరాయించునో బోధపడును.

వర్జీనియాలో సైరస్ మెక్కార్మిక్ కోతయంత్రమును నడిపి చూపినది 1831లో. గుఱ్ఱములు లాగుచుండగా అది గోధుమపైరును కోసి పడవేసెడిది. కోత వేగము పెరిగినది కాని, వెనుక వంగి నడచుచు కట్టలు కట్టువారి నడుములకు విశ్రాంతి దొరకలేదు. 1858లో ఇల్లినాయిస్ వాసులైన మార్ష్ సోదరులు, కోసిన పైరు యంత్రము మీదనున్న బల్లకడకే వచ్చునట్లు చేసిరి. ఇద్దరు మనుష్యులు యంత్రముపైననే నిలిచి కట్టలు కట్టిరి. వంగుట తప్పినది, చేతులు మాత్రము తప్పలేదు.

చేతికి బదులుగా తొలుత వచ్చినది ఇనుపతీగ. అందులకు కారణము స్పష్టము. తీగకు ముడి అక్కరలేదు, కూలివాని వెంటివలె మెలిక చాలును. మెలిపెట్టుట చక్రములకు చేతనైన పనియే. 1870 తరువాతి దశాబ్దములో మెక్కార్మిక్ కంపెనీ తీగయంత్రములను విరివిగా అమ్మినది. అయితే తీగముక్కలు గడ్డితోపాటు పశువుల కడుపులోనికి పోయినవి, గింజలతోపాటు పిండిమరలలోనికి పోయినవి. పశువులు చచ్చుచున్నవని రైతులును, మరలు పాడగుచున్నవని మిల్లుదారులును మొరపెట్టిరి. కావున నారతో పేనిన పురికొస కావలసి వచ్చినది. పురికొసకు మెలిక చాలదు, వదలిన వెంటనే విప్పుకొనును. దానికి ముడియే వేయవలెను.

ముడి వేయునపుడు మన వ్రేళ్ళు చేయు పనిని ఒక్కసారి తలచుకొనుడు: ఒక కొసను పట్టుట, చుట్టు త్రిప్పుట, ఉచ్చులో నుండి కొసలను లాగుట, బిగించుట. ఇన్ని పనులను ఇనుముచేత ఎట్లు చేయించుట? విస్కాన్సిన్‌లో జాన్ యాపిల్బీ అను యువకుడు తన 18వ యేట, 1858లో, కొయ్యతో ఒక నమూనా చెక్కి చూచెను. డబ్బు పెట్టువారు లేక అది మూలపడినది. 1864లో ఇల్లినాయిస్‌లోని రాక్‌ఫర్డ్ వాసి జేకబ్ బెహెల్ చిలుకముక్కును పోలిన ఒక కొక్కెమును కనిపెట్టెను. ముడియంత్రమునకు ప్రాణము ఈ ముక్కే. అంతర్యుద్ధమున సైనికుడుగా పనిచేసి వచ్చిన యాపిల్బీ కొంతకాలము తానును తీగయంత్రములను చేసి, విసిగి, మరల పురికొసకు తిరిగి, 1878 నాటికి పొలములో నిలిచి పనిచేయు యంత్రమును సాధించెను. 1879లో పేటెంటు లభించినది.

దాని నడక ఇట్టిది. పురికొస మొదటి కొసను గాడులుగల ఒక బిళ్ళ పట్టి ఉంచును. కట్ట నిండగానే వంపు తిరిగిన పెద్ద సూది పురికొసను కట్ట చుట్టును తెచ్చి, రెండవ పోగును మొదటి పోగు ప్రక్కనే ముక్కుమీద పరచి, అదే బిళ్ళకు అందించును. ముక్కు ఒక చుట్టు తిరుగును. రెండు పోగులును దానిని చుట్టుకొని ఉచ్చు అగును. తిరుగుట ముగియునప్పటికి ముక్కు తెరచుకొని పోగులను కఱచిపట్టును. కత్తి కోయును. ఒక ఇనుపచేయి వచ్చి ఉచ్చును ముక్కుమీదినుండి త్రోసివేయగా, కఱచియున్న కొసలు ఉచ్చులో చిక్కి ముడి బిగియును. సూది తెచ్చిన పోగు బిళ్ళలోనే నిలిచి తరువాతి కట్టకు మొదటి కొస అగును. ఇదంతయు కన్ను మూసి తెరచునంతలో జరిగిపోవును!

విలియం డీరింగ్ ఈ యంత్రమును నమ్మి, 1880 కోతలకు 3,000 యంత్రములను సిద్ధపరచెను. ఇక్కడ ఆయనకు తెలిసివచ్చిన సత్యమే నా ప్రసంగమునకు కీలకము: ముడిని వేయునది యంత్రమొక్కటియే కాదు, పురికొసయు యంత్రములో ఒక భాగమే. పోగు లావైన చోట ముక్కులో ఇరుకును, సన్నమైన చోట తెగును. చేతి వ్రేళ్ళు ఈ హెచ్చుతగ్గులను సవరించుకొనును, ఇనుము సవరించుకొనదు. డీరింగ్ ఫిలడెల్ఫియాలో త్రాళ్ళు పేనించు ఎడ్విన్ ఫిట్లర్ వద్దకు పోయి, ఒంటిపోగుతో సమముగా పేనిన పురికొసను తయారు చేయుమని ఒప్పించెను. తుదకు పౌనుకు 500 అడుగులు అను కొలత వాడుకలో స్థిరపడినది. మిడుతలును, కీచురాళ్ళును పురికొసను కొఱికివేయుచుండుటచే దానికి నూనెలు పట్టించుటయు ఆచారమైనది.

ఆ నార ఎక్కడిది? కొంత మనీలా నుండి, అంతకంతకు హెచ్చుగా మెక్సికోలోని యూకటాన్ నుండి వచ్చినది. అది మన చేలగట్లమీద కంచెగా పెంచు కిత్తనారకు దాయాదియైన మొక్క. ఆ తోటలలో పనిచేసిన మాయా జాతివారు అప్పుకు కట్టుబడిన కూలీలు. తీరని ఋణము తండ్రినుండి కొడుకునకు దిగెడిది. ఉత్తరమున సొనోరానుండి యాకీ జాతివారిని ప్రభుత్వమే చెఱపట్టి అక్కడికి తరలించినది. 1909లో జాన్ కెన్నెత్ టర్నర్ అను పత్రికారచయిత ఈ దురవస్థను లోకమునకు చాటెను. 1902లో మెక్కార్మిక్, డీరింగ్ కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ ఏర్పడినది. ఆ యేడే అది యూకటాన్ గవర్నరు మోలీనా కుటుంబపు వర్తకసంస్థతో నార ధర తగ్గించుటకు రహస్యముగా ఒడంబడిక చేసికొన్నది. ధర తగ్గినపుడు ఆ భారము ఎవరి వీపున పడెనో వేరుగ చెప్పనక్కరలేదు. 1915లో జనరల్ ఆల్వరాడో గవర్నరుగా వచ్చిన పిమ్మట ఋణబానిసత్వము నిజముగా తొలగినది. ఇటు మిన్నెసోటాలో, పురికొస వ్యాపారుల పట్టు సడలించుటకై 1890 తరువాత స్టిల్‌వాటర్ కారాగారములో ఖైదీలచేత పురికొస పేనించి రైతులకు అమ్మిరి. ఒక దేశమున రైతు నడుము నిటారైనందుకు, వేఱొకచోట ఎవరెవరి చేతులు కట్టుబడినవో చూడుడు.

పైరుకోత యంత్రమునుండి ఈ ముడి ఎండుగడ్డి యంత్రమునకు వచ్చుటకు మరి అరువది ఏండ్లు పట్టినది. పెన్సిల్వేనియాలో ఎడ్విన్ నోల్ట్ అను రైతు 1930 తరువాతి దశాబ్దములో, తానే నడచుచు, గడ్డిని ఏరి, అదిమి, రెండు పురికొసలతో కట్టు బేలరును రూపొందించెను. 1940 నుండి న్యూహాలండ్ కంపెనీ దానిని అమ్మినది. మోపు బరువైనది, పురికొస లావైనది. కాని లోపలి ముక్కు బెహెల్ ముక్కే, నడక యాపిల్బీ నడకే.

కనుకనే పాత బేలరు ముడి తప్పినపుడు ముందు యంత్రమును విప్పరాదు. పొలములో విడిపోయి పడియున్న పురికొసను వెదకి తెచ్చి దాని కొసలను చదువవలెను. ముడి ఒక పోగునందే ఉన్నచో, రెండవ పోగు ముక్కువరకు చేరలేదన్నమాట: సూది దారి తప్పినదో, బిళ్ళ పట్టు వదలినదో, పురికొస పెట్టెవద్ద బిగువు చాలలేదో చూడవలెను. రెండు కొసలును మెలికల గుర్తులతో ఉండి ముడి లేకున్నచో, ముక్కు పట్టు వదులైనది. కొసలు ఉచ్చులోనుండి జారిపోయినవి. ముడి పడి ముక్కునే వ్రేలాడుచు తెగినచో, పట్టు మితిమీరినది, లేదా ముక్కు త్రుప్పుపట్టి గరుకైనది, లేదా త్రోయుచేయి దానిని సరిగా ఒరయుట లేదు. కొసలు కుచ్చువలె చీలియున్నచో కత్తి మొద్దుబారినది, లేదా బిళ్ళ పోగును నలిపివేయుచున్నది. ముడి బాగుండి మోపు తెగినచో తప్పు ముడిది కాదు. గడ్డిని మితిమీరి అదిమినందువలననో, పచ్చిగా నుండగనే కట్టినందువలననో అట్లు జరుగును.

ఇంజనును పూర్తిగా ఆపి, పెద్దచక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు ఒక ముడి పడుటను ఆద్యంతము చూచినచో సగము అనుమానములు తీరును. బోల్టును పావుచుట్టు మాత్రమే బిగించి, ఒక మోపు కట్టి చూచి, పిమ్మటనే ఇంకొకటి ముట్టవలెను. వర్షము ముంచుకొని వచ్చుచుండగా నాలుగు బోల్టులను ఒకేసారి త్రిప్పినవానికి, ఏది చెడినదో ఏది బాగైనదో దేవునికే ఎఱుక. ఇటీవల నారకు బదులు ప్లాస్టిక్ పురికొస వచ్చినది. అది నునుపు, జారును. నారకై అమర్చిన పాత ముక్కు దానిని కఱచి నిలుపలేకపోవచ్చును. అప్పుడు యంత్రము ముసలిదైనదని నిందించుట అన్యాయము.

ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములలో కోతయంత్రము విడిచిన వరిగడ్డిని ట్రాక్టరు వెనుక పోవుచు చుట్టలుగా చుట్టు యంత్రములు నేడు తఱచుగా కనబడును. ఆ గుండ్రని మోపులకు ముడి లేదు. పురికొసను పలుమార్లు చుట్టి కోసివిడచును, ఒరపిడియే పట్టి ఉంచును. నలుపలకల మోపులు కట్టు యంత్రమును తెచ్చుకొన్నవారికి మాత్రము ఆ చిలుకముక్కు తప్పదు. పని ముగిసిననాడు దానిలోని పొట్టు దులిపి, ముక్కునకు నూనె రాసి, గోనె కప్పి ఉంచినచో మరుసటి కోతలకు అది గరుకెక్కకుండ ఉండును.