ఉమ్మెత్త పొగ నుంచి కొలిచిన మందు దాకా

ఉబ్బసంలో ఊపిరితిత్తుల లోపలి సన్నని గాలిగొట్టాలు వాచి, వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని, కఫం పేరుకోవడంతో ఊపిరి వదలడం కష్టమై పిల్లికూతలు వినిపిస్తాయి. మింగిన మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగితే గాని అక్కడికి చేరదు కనుక, దానిని పీల్చే గాలితోనే లోపలికి పంపే ప్రయత్నాలు ఎప్పటి నుంచో సాగాయి. అలా పంపిన మందును కొలిచే ఉపాయం మాత్రం 20వ శతాబ్ది నడిమికి గాని చిక్కలేదు.

1778లో జాన్ మడ్జ్ అనే ఇంగ్లీషు వైద్యుడు దగ్గుకు నల్లమందు ఆవిరి పట్టేందుకు, మూతకు గొట్టం తగిలించిన లోహపు పాత్రను వర్ణించి దానికి ఇన్‌హేలర్ అని పేరు పెట్టాడు. ఉబ్బసానికి ఉమ్మెత్తను ఎండబెట్టి పొగ పీల్చే పద్ధతి 1802 ప్రాంతంలో జనరల్ జెంట్ అనే సైనికాధికారి ద్వారా మద్రాసు నుంచి బ్రిటన్ చేరి, క్రమంగా ఉబ్బసం సిగరెట్లుగా మారి మందుల దుకాణాలకెక్కింది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ వంటి ద్రవ్యాలు బిగిసిన కండరాలను సడలించే మాట నిజమే అయినా, మోతాదు మించితే అవే విషమై మతిభ్రమణం కలిగిస్తాయి. పైగా పొగలో మందు ఎంత ఉందో చెప్పడం అసాధ్యం. తరువాత వచ్చిన రబ్బరు బుడ్డి నొక్కే గాజు తుంపర యంత్రాలలోనూ ఒక్కో నొక్కుకు ఒక్కో మోతాదు వచ్చేది.

ఈ చిక్కును విప్పినది అమెరికాలోని రైకర్ సంస్థ. దాని అధ్యక్షుడు జార్జ్ మెయిసన్‌ను ఉబ్బసంతో బాధపడే 13 ఏళ్ల కూతురు, తన మందు కూడా జుట్టుకు కొట్టుకునే స్ప్రేలా ఎందుకు రాదని 1955లో అడిగింది. సుగంధ ద్రవ్యాల సీసాల కోసం రూపొందిన కొలత కవాటాన్ని రసాయనవేత్త ఇర్వింగ్ పోరుష్ మందు డబ్బాకు అమర్చగా, నొక్కిన ప్రతిసారీ ఒకే పరిమాణం విడుదలయ్యే మెడిహేలర్ 1956లో మార్కెట్‌లోకి వచ్చింది.

అయితే డబ్బా నొక్కడం, గాలి పీల్చడం ఒకేసారి జరగకపోతే మందులో ఎక్కువ భాగం గొంతులోనే నిలిచిపోతుంది. ఈ లోటును తీర్చడానికి రెండు దారులు ఏర్పడ్డాయి: తుంపరను కాసేపు పట్టి ఉంచే స్పేసర్ అనే గొట్టం ఒకటి, రోగి పీల్పు బలంతోనే లోపలికి పోయే పొడిమందు రెండోది. స్వయంగా ఉబ్బసం రోగి, మాజీ విమాన చోదకుడు అయిన డాక్టర్ రోజర్ ఆల్టూన్యన్, గుళికలోని పొడిని విమానపు పంకా వంటి చిన్న రెక్కలు చెదరగొట్టే స్పిన్‌హేలర్‌ను 1960లలో రూపొందించాడు. గుళికను రెండుగా విడదీసి పొడిని పీల్చే రోటాహేలర్ అదే కోవకు చెందినది.

1960లలో బ్రిటన్‌లో ఉబ్బసం మరణాలు ఒక్కసారిగా పెరగడంతో, గుండెను కూడా ఉద్రేకపరిచే ఐసోప్రెనలిన్ అధిక మోతాదు స్ప్రేలపై అనుమానం వచ్చింది. గుండెపై ప్రభావం తక్కువగా ఉండే సాల్బుటమాల్ 1969లో, వాపునే తగ్గించే స్టెరాయిడ్ బెక్లోమెథసోన్ 1972లో ఇన్‌హేలర్ రూపంలో వచ్చాక, తక్షణ ఉపశమన మందు, రోజూ వాడే నివారణ మందు అనే విభజన స్థిరపడింది. ఓజోన్ పొరను కాపాడే 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా స్ప్రేలలోని వాయువులు మారాయి. అంతకంటే ముఖ్యంగా, ఉపశమన మందు బిగుతును సడలించినా వాపును తగ్గించదు కనుక, పెద్దలకు, కౌమారప్రాయులకు దానిని ఒంటరిగా ఇవ్వరాదనీ, తోడుగా పీల్చే స్టెరాయిడ్ ఉండి తీరాలనీ అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి.