పై అంతస్తు పెద్దమనిషికి కింది వాటా తాళంచెవి

1936లో వాషింగ్టన్ నగరంలో ఓ ముసలాయన పొద్దుపోయాక డ్రెస్సింగ్ గౌనుతో, కాళ్ళకి స్లిప్పర్లతో తన వాటాలోంచి కింది వాటాకి దిగి వెళ్ళేవాడట. కింది వాటా ఆయనది కాదు. తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉండేది. తలుపు తీస్తే గోడల నిండా ఇటలీ వాళ్ళ, హాలండ్ వాళ్ళ పాత చిత్రాలు, మధ్యమధ్య పాలరాతి శిల్పాలు, వాటికో కాపలా మనిషి. కుర్చీలో కూర్చుని కాసేపు చూసుకుని పైకి వెళ్ళిపోయేవాడు. ఆయన పేరు ఆండ్రూ మెలన్. పిట్స్‌బర్గ్ బ్యాంకరు, అంతకు కొన్నేళ్ళ ముందు దాకా అమెరికా ఆర్థిక మంత్రి.

వాటాని అద్దెకి తీసుకుని, బొమ్మలతో నింపి, తాళంచెవి మెలన్ చేతికిచ్చి తన దారిన తాను వెళ్ళిపోయిన మనిషి జోసెఫ్ డువీన్. కళాఖండాల వ్యాపారి. కొనమని ఒత్తిడి చెయ్యలేదు, చూడమన్నాడు అంతే. మన ఊళ్ళలో బట్టల కొట్టు శెట్టిగారు చేసేదీ ఇదే కదా. ‘ముందు ఇంటికి పట్టుకెళ్ళండి, అమ్మగారికి చూపించండి, నచ్చినవి ఉంచుకుని మిగతావి పంపించండి’ అని చీరల మూట చేతిలో పెడతాడు. రెండు రోజులు బీరువాలో ఉన్న చీర తిరిగి కొట్టుకి వెళ్ళడం ఎంత కష్టమో ఆయనకి తెలుసు. మెలన్ ఇంటికి కూడా మూట అలాగే చేరింది. చివరికి నలభైకి పైగా చిత్రాలు, శిల్పాలు ఒకే బేరంలో అమ్ముడుపోయాయి. వెల సుమారు 2 కోట్ల 10 లక్షల డాలర్లు. అమెరికాని ఆర్థిక మాంద్యం ఇంకా వదలని రోజులవి.

డువీన్ 1869లో ఇంగ్లండులోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టాడు. తండ్రి హాలండ్ నుంచి వలస వచ్చి, పంది కొవ్వు వ్యాపారంతో మొదలుపెట్టి, పింగాణీ సామాన్లలోకి దిగాడు. బాబాయి హెన్రీ న్యూయార్కులో కొట్టు పెట్టాడు. కుర్రవాడికి పింగాణీ మీద మనసు లేదు. ఓ పింగాణీ కూజాకి వచ్చే లాభమెంత, ఓ రెంబ్రాంట్ పటానికి వచ్చే లాభమెంత అని లెక్క వేసుకున్నాడు. 1906లో బెర్లిన్‌లో హైనావర్ సేకరణ, మరుసటి ఏడు పారిస్‌లో రోడాల్ఫ్ కాన్ సేకరణ, రెండూ మొత్తానికి మొత్తంగా డువీన్లు కొన్నారు. రెండోదాంట్లో ఇతర వ్యాపారులూ వాటాదారులే. హోమర్ శిల్పం తల మీద చెయ్యి ఆనించి నిలబడ్డ అరిస్టాటిల్ – రెంబ్రాంట్ గీసిన ఆ చిత్రం కాన్ ఇంటి నుంచే అట్లాంటిక్ దాటింది.

అమ్మేవాళ్ళు దొరకడం డువీన్ తెలివి ఒక్కటే కాదు, కాలం కలిసొచ్చింది. అమెరికా గోధుమ ఓడల్లో చవగ్గా దిగుతుంటే ఇంగ్లండు జమీందార్ల శిస్తులు పడిపోయాయి. వంశపారంపర్యంగా వచ్చిన పటాలు అమ్ముకోవడానికి 1882 చట్టం వీలు కల్పించింది. 1894లో యజమాని పోతే ఆస్తి మీద కట్టాల్సిన మరణ సుంకాన్ని గట్టిగా బిగించారు. గోడ మీద తాతముత్తాతలు గంభీరంగా చూస్తుంటే కింద పైకప్పు బాగుచేయించే డబ్బు లేక లార్డు దిగులుగా కూర్చునేవాడు. అటువైపు అమెరికాలో రైళ్ళు, ఉక్కు, బ్యాంకులు ఒక్క తరంలో గుట్టలు పోసిన డబ్బు. 1909లో పాత కళాకృతుల మీద దిగుమతి సుంకం కూడా ఎత్తేశారు. (ఆ మరుసటి ఏడే సరుకు వెల తక్కువ చూపించారంటూ కస్టమ్స్ వాళ్ళు డువీన్ల న్యూయార్కు కొట్టు మీద పడ్డారు. పది లక్షల డాలర్లు దాటి కట్టి బయటపడ్డారు.)

కలెక్టర్ అంటే మనకి జిల్లా కలెక్టరే గుర్తొస్తాడు. అక్కడ కలెక్టర్లంటే వీళ్ళు: ఫ్రిక్, ఆల్ట్‌మన్, వైడెనర్, హంటింగ్టన్, బాష్, క్రెస్, మెలన్. వీళ్ళకి బేరం బాగా వచ్చు. ఉక్కు టన్ను ఎంతకి కొనాలో తెలుసు, రాఫెల్ మడోన్నా ఎంతకి కొనాలో తెలియదు. ఆ తెలియనితనం మీదే డువీన్ ఇల్లు కట్టుకున్నాడు. తను కొనేటప్పుడే ఎక్కువ ఇచ్చేవాడు, ఇచ్చానని నలుగురికీ తెలిసేలా ఇచ్చేవాడు. వెల ఎక్కువుంటే విలువ ఎక్కువుందని నమ్మే మనుషుల దగ్గర అది మంచి మదుపు. షావుకార్ల ఇళ్ళలో బట్లర్లకీ గుమాస్తాలకీ చేతిలో ఎంతో కొంత పెట్టేవాడు. అయ్యగారు ఎవరితో మాట్లాడారో, ఏ పటం ముందు ఎంతసేపు ఆగారో సాయంత్రానికి కబురు అందేది. ఒక్కోసారి లాభం వదులుకునేవాడు కూడా. బ్యాంకరు మోర్గన్ దగ్గరుండిన ఫ్రాగొనార్డ్ చిత్రాల వరసను 1915లో పన్నెండున్నర లక్షల డాలర్లకి కొని, అదే వెలకి ఫ్రిక్‌కి ఇచ్చేశాడు. ఆ చిత్రాలు పెట్టిన గదికి తగ్గ కుర్చీలు, మేజాలు, అలంకరణ సామాను మాత్రం ఎవరు అమ్మారని అడక్కండి.

1921లో ‘బ్లూ బాయ్’ బేరం కుదిరింది. గెయిన్స్‌బరో 1770 ప్రాంతంలో గీసిన నిలువెత్తు పటం: నీలం పట్టు బట్టలు, చేతిలో ఈకల టోపీ, వెనక ముసురు పట్టిన ఆకాశం. వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ ఇంట్లో ఉండేది. కాలిఫోర్నియా రైళ్ళ కోటీశ్వరుడు హెన్రీ హంటింగ్టన్ ఏడు లక్షల డాలర్లకు పైగా పోసి కొన్నాడు. ఏళ్ళ తరబడి పసుపెక్కిన వార్నిష్ వల్ల ఆ నీలం కాస్తా ఆకుపచ్చకి తిరిగి ఉంది. డువీన్ దాన్ని కడిగించి నీలం తేల్చాడు. కడిగించడం, పైన మెరిసే వార్నిష్ పూయించడం ఆయనకి అలవాటు, షావుకార్లకి తళతళ నచ్చుతుందని. బ్లూ బాయ్‌కి అది మేలే చేసి ఉండొచ్చు. అన్ని పటాలూ అంత అదృష్టం చేసుకోలేదు. తర్వాత బ్రిటిష్ మ్యూజియంలో ఆయన డబ్బుతో గ్యాలరీ కడుతున్నప్పుడు గ్రీసు పార్థినాన్ ఆలయ శిల్పాలను లోహపు పనిముట్లతో గీకి తెల్లబరచడం పెద్ద రచ్చ అయింది.

దేశం దాటేముందు 1922 జనవరిలో మూడు వారాలు బ్లూ బాయ్ పటాన్ని లండన్ నేషనల్ గ్యాలరీలో పెట్టారు. సుమారు 90 వేల మంది వచ్చి చూశారు. ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నట్టే ఉంది వాళ్ళకి. గ్యాలరీ డైరెక్టర్ పటం వెనకాల ‘మళ్ళీ కలుద్దాం’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట రాసి పంపించాడు. సరిగ్గా వందేళ్ళకి, 2022 జనవరిలో, బ్లూ బాయ్ అదే గ్యాలరీకి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాడు.

ఇంచుమించు డువీన్ కాలంలోనే హైదరాబాదులో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ తన దివాన్ దేవిడీ మహల్లో కూర్చుని దేశదేశాల వ్యాపారులు పంపే కేటలాగులు తిరగేస్తున్నాడు. నిజాం దగ్గర ప్రధానమంత్రి పదవి వదిలేశాక, 1949లో పోయే దాకా ఆయన చేసిన పని ముఖ్యంగా కొనడమే. ఆ సేకరణలో పేరుపడ్డ పాలరాతి శిల్పం ముసుగు రెబెకా మాత్రం ఆయన కొన్నది కాదు. 1876లో రోములో తాతగారు కొన్నది. ఆయనకి డువీన్ లాంటి మనిషి లేడు. కంటికి నచ్చిందల్లా కొన్నాడు. అందుకే ఆయన పేరుతో ఉన్న మ్యూజియంలో అసళ్ళ పక్కన నకళ్ళు, పచ్చరాతి కత్తుల పక్కన చేతికర్రలు, గంటకోసారి జనాన్ని తన ముందు నిలబెట్టే గడియారం. ఫ్రిక్ భవనంలో ప్రతిదీ మేలురకమే. అయినా మూసీ ఒడ్డునున్న మ్యూజియంలోనే నాకు కొన్నవాడి ముఖం బాగా కనిపిస్తుంది.

నకలు కాదన్న భరోసా డువీన్ సరుకుకి ఎక్కణ్ణుంచి వచ్చేది? ఫ్లోరెన్స్ దగ్గర కొండ మీద విల్లా ఇ తత్తిలో ఉండే బెర్నార్డ్ బెరెన్సన్ నుంచి. ఇటలీ పునరుజ్జీవన చిత్రాల విషయంలో ఆయన మాటే శాసనం. ఫలానా పటం బెల్లినీది అని ఆయన చీటీ రాసిస్తే వెల ఎన్నో రెట్లు. 1912లో ఇద్దరూ గుట్టుగా ఒప్పందం రాసుకున్నారు: బెరెన్సన్ రూఢి చేసిన పటాలు అమ్ముడుపోతే లాభంలో నాలుగో వంతు ఆయనకి. తంతివార్తల్లో ఆయన పేరు ‘డోరిస్’. పెళ్ళిళ్ళ పేరయ్య అటూ ఇటూ కమీషన్ తీసుకుంటాడు, అది ఊరందరికీ తెలుసు, ఎవరూ తప్పుపట్టరు. ఇక్కడ జాతకం రాసే సిద్ధాంతికి కట్నంలో వాటా ఉంది, ఆ సంగతి పెళ్ళికొడుక్కి తెలియదు. బెరెన్సన్ అబద్ధాలే రాశాడని నేననడం లేదు. చాలా పటాల విషయంలో ఆయన చూపు ఇప్పటికీ నిలిచే ఉంది. కానీ కొన్నవాడికి తెలియాల్సిన మొదటి సంగతి దాచేశారు.

పేరుకి ఉన్న బలం ఎంతటిదో 1920లో తేలింది. ఆంద్రే హాన్ అనే ఫ్రెంచి యువతి తన దగ్గరున్న ‘లా బెల్ ఫెరొన్నియేర్’ అనే పటం లియోనార్డో డా విన్చీ గీసిందంటూ కాన్సస్ సిటీ వాళ్ళకి అమ్మబోతోంది. న్యూయార్కు విలేఖరి ఫోన్ చేసి అడిగితే, పటాన్ని కళ్ళతో చూడకుండానే అది నకలు, అసలుది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉందని డువీన్ తేల్చేశాడు. బేరం చెడింది. ఆమె 5 లక్షల డాలర్లకి దావా వేసింది. 1923లో రెండు పటాలనూ లూవ్ర్‌లో పక్కపక్కన పెట్టి నిపుణుల చేత చూపించారు. 1929లో న్యూయార్కు కోర్టులో విచారణ. ఎలా చెప్పగలరని నిపుణుల్ని అడిగితే ‘కన్ను’ అంటారు, ‘అనుభవం’ అంటారు. ఆ కన్ను చూసిందేమిటో జ్యూరీకి అర్థమయ్యేలా ఒక్కరూ చెప్పలేకపోయారు. పైగా లూవ్ర్‌లోది కూడా లియోనార్డోదేనా అని ఒకప్పుడు డువీన్, బెరెన్సన్‌లే అనుమానపడ్డ సంగతి బయటికొచ్చింది. జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు. చివరికి 60 వేల డాలర్లిచ్చి డువీన్ రాజీ చేసుకున్నాడు. ఆయన అన్నదే నిజం కావచ్చు. 2010లో ఆ పటం వేలానికి వచ్చినప్పుడు లియోనార్డో అనుయాయి ఎవరో గీశారనే రాశారు. అలా రాసినా 15 లక్షల డాలర్లు పలికింది.

1937లో ఇలాంటి జాతకం దగ్గరే డువీన్‌కీ బెరెన్సన్‌కీ చెడింది. ఆలెండేల్ ప్రభువు ఇంటి నుంచి డువీన్ ఒక పటం కొన్నాడు. గుహ ముందు నేల మీద పసివాడైన ఏసు, చూడ్డానికొచ్చిన ఇద్దరు పశువుల కాపరులు, ఎడమవైపు దూరంగా వాగు, చెట్లు. జార్జోనే అయితే ఒక వెల, టిషియన్ అయితే ఒక వెల. చిన్న వయసులోనే పోయిన జార్జోనే పటాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి. టిషియన్ దీర్ఘాయుష్కుడు, వరసపెట్టి గీశాడు. డువీన్‌కి జార్జోనే కావాలి. బెరెన్సన్ ససేమిరా అన్నాడు, కుర్ర టిషియన్ పని అన్నాడు. పాతికేళ్ళ పొత్తు తెగిపోయింది. డువీన్ దాన్ని జార్జోనే పేరుతోనే చవక సరుకుల కొట్ల అధిపతి శామ్యూల్ క్రెస్‌కి అమ్మి, 1939 మే నెలలో కన్నుమూశాడు.

మెలన్ అంతకు రెండేళ్ళ ముందే పోయాడు. కింది వాటాలో ఆయన రాత్రిళ్ళు చూసుకున్న పటాలు ఆయన డబ్బుతోనే కట్టిన వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి చేరాయి. 1941 మార్చిలో దాన్ని తెరిచారు. క్రెస్ కూడా తన పటాలు దానికే ఇచ్చాడు. ఆలెండేల్ పటం ఇప్పుడక్కడే గోడ మీద ఉంది. పక్కనున్న చీటీ మీద రాసిన పేరు జార్జోనే.