కొత్తకీ పాతకీ ఒక దుబాసీ

మా ఇంట్లో ఒక మానిటర్ ఉంది. పదిహేడు అంగుళాలది, నలుచదరం మొహంది. నా మొదటి నవల రాసుకోమని నాన్న కొనిచ్చింది. నాన్న పోయాక దాని మీద హక్కంతా అమ్మదే. శుక్లాల ఆపరేషనయ్యాక పుస్తకం పట్టుకుంటే అమ్మకి కళ్ళు లాగుతాయి. అందుకని నేను రాసిందల్లా ఆ తెరమీద గారెలంత అక్షరాలు చేసి పెడితే, కుర్చీ లాక్కుని కూచుని చదువుతుంది. ఒక్క అక్షరదోషం వదలదు సుమా!

మొన్న పాత కంప్యూటర్ కన్నుమూసింది. కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం. తీరా చూస్తే మానిటర్ తీగ తగిలించే చోటే లేదు దానికి. "ఇంకెందుకది, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యరాదూ?" అన్నారు మావారు. అమ్మ ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టేసుకుంది. అది చూశాక నాకు అన్నం సహించలేదు.

ఎడాప్టర్ అనే బుల్లి వస్తువు కొనుక్కొచ్చాను. ఒక కొస మానిటర్ వెనక చక్కగా అతుక్కుంది. రెండో కొసలో ల్యాప్‌టాప్ తీగ బుద్ధిగా దూరింది. అన్నీ సరిపోయాయి—బొమ్మ రావడం తప్ప!

చేసేదేముంది? మానిటర్‌ని దుప్పట్లో చుట్టి, తీగతో సహా ఒళ్ళో పెట్టుకుని, పాతబస్తీలో మా ఇంటినుంచి కోఠీ గుజరాతీ గల్లీకి ఆటో ఎక్కాను. నయాపూల్ మీద ఆటో ఆగిపోయింది. ఇవతల గట్టున హైకోర్టు భవనం, అవతల గట్టున ఉస్మానియా ఆస్పత్రి. కదలని ఆటోలో కూచుంటే పాత కథలే గుర్తొస్తాయి కాబోలు.

నయాపూల్ అంటే కొత్త వంతెన. ఎంత కొత్తదనుకున్నారు? 1857కీ 1869కీ మధ్య, అఫ్జలుద్దౌలా ఏలుబడిలో పుట్టింది! 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ పక్కన ఇది కొత్తదే మరి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ కొత్త వంతెన తెగిపోయింది. ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కూడా అంతే. ఊరి రెండు ముక్కల్నీ కలిపి నిలబెట్టింది 330 ఏళ్ళ ముసలి వంతెన ఒక్కటే! నయాపూల్‌ని తర్వాత మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. పాతదైనంత మాత్రాన పనికిరానిదని ఎవరన్నారు? ఒళ్ళోని మూటని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

కొట్టులో కుర్రాడు ముందు అన్ని తీగలూ పీకేసి, మానిటర్ ఒక్కదానికే కరెంటిచ్చాడు. తీగ తగిలించలేదంటూ తెరమీద అక్షరాలొచ్చాయి. "మానిటర్ మంచిగనే ఉందమ్మా. ఎడాప్టరే ఉల్టా తెచ్చిండ్రు" అన్నాడు.

సంగతేవిటంటే—1987లో ఐ.బి.యం. వాళ్ళు వి.జి.ఎ. అనే పద్ధతి తెచ్చారు. మూడు వరసల్లో 15 సూదులుండే తీగ, మీరూ చూసే ఉంటారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు అందులో అలల్లా హెచ్చుతగ్గులతో పారుతాయి. 2002 చివర్లో వచ్చిన హెచ్.డి.ఎం.ఐ.ది వేరే భాష. అంతా అంకెలే. 2015 కల్లా వి.జి.ఎ.ని సాగనంపుతామని 2010 డిసెంబరులోనే ఇంటెల్, ఎ.ఎం.డి. కంపెనీలు చాటింపు వేశాయి. మా ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాకపోవడంలో వింత లేదు.

కుంఫిణీ దొరల కాలంలో దుబాసీలుండేవారు చూశారూ, ఎడాప్టర్ అలాంటిదే. కాని ఈ దుబాసీకి ఒకవైపే వచ్చు! నాకు కావలసింది అంకెల్ని అలలుగా మార్చేది. నేను తెచ్చుకున్నది అలల్ని అంకెలుగా మార్చేది. చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్ళే.

సరైనది తగిలిస్తే, బొమ్మ పరిధి దాటిందని తెర మొరాయించింది. ఈసారి తప్పు తీగది. మానిటర్ తన కొలతలు కంప్యూటర్‌కి చెప్పుకునే ఏర్పాటొకటి 1994లో వచ్చింది. ఆ కబురు మోసే సూది కాస్తా మా తీగలో వంగిపోయింది. కొలతలివ్వకపోతే దర్జీ ఏం చేస్తాడు? తోచినంత కుట్టి పారేస్తాడు. కుర్రాడు సన్నటి పట్టకారుతో సూదిని నిలబెట్టాడు. 1280 బై 1024, సరిగ్గా మా మానిటర్ కొలతకి బొమ్మ వచ్చి కూచుంది.

కాబట్టి తెర నల్లబడగానే దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టకండి. ముందు తెరని ఒంటరిగా పలకరించండి. తర్వాత దుబాసీ ఎటు మాట్లాడుతున్నాడో చూడండి. ఆపైన సూదులు, చివర కొలతలు.

ఈ వ్యాసం మొదట చదివింది అమ్మే, ఆ తెరమీదే. చదివి కళ్ళజోడు సవరించుకుంటూ అంది: "పురానాపూల్‌లో దీర్ఘం ఎగిరిపోయిందే. పాతది కదా అని దానికి దీర్ఘం కూడా ఇవ్వవుటే?"