తెలుగు రంగమున స్త్రీ కంఠము: సురభి కమలాబాయి చరిత్ర

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. ఏ సర్వే నంబరున ఎంత నేల కలదు, అది ఎవరి పేర నున్నది, ఎవరి నుండి ఎవరికి సంక్రమించినది అను విషయములే నా నిత్యకృత్యము. కావ్యనాటకములను గురుముఖమున గాక, ఇట్టి గ్రంథాలయముల బీరువాలనుండియే చదువుకొంటిని. లెక్కకు ఎక్కినదే నిలుచును, ఎక్కనిది కాలక్రమమున మాసిపోవును అనుట మా వృత్తిలో మొదటి పాఠము. నేలకు పట్టా కలదు గాని పాటకు పట్టా లేదు గదా! కావున అట్టి పాటతో జీవించిన యొక నటీమణి చరిత్రను, పెద్దలు గ్రంథస్థము చేసినంతవరకు, క్రమముగ నమోదు చేయ బూనితిని. ఆమె సురభి కమలాబాయి. తెలుగున మాటలాడు చలనచిత్రములకు తొలి కథానాయిక.

నాట్యశాస్త్రమునందు ఒక కథ కలదు. భరతముని నాటకమును ప్రయోగింప సిద్ధపడినప్పుడు, లలితమైన కైశికీ వృత్తి స్త్రీలు లేక పురుషులచే మాత్రము నిర్వహింపబడజాలదని బ్రహ్మకు విన్నవించెనట. అంతట బ్రహ్మ నాటకము కొరకే అప్సరసలను సృజించి యిచ్చెనని శాస్త్రకారుని వాక్యము. శాస్త్ర మిట్లుండగా, మన దేశమున ఆధునిక నాటక సమాజములు వెలసిన కాలమున లోకాచారము వేరుగా నుండెను. సంసార స్త్రీ రంగమెక్కుట మర్యాద కాదనుకొనిరి. కావున ద్రౌపదియు, చంద్రమతియు, మన పల్నాటి మాంచాలయు మగవారి మేనులనే ధరింపవలసి వచ్చినది. ఆ పద్ధతిలోను మహానటులు లేకపోలేదు. మన ఉమ్మడి గుంటూరు మండలమందలి బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారగా రంగమున నిలిచినప్పుడు, చూచినవారు పురుషుడను మాటయే మరచెడివారట. 1956లో వారిని పద్మశ్రీ బిరుదము వరించినది. వారి కళకు నమస్కరించుచునే ఒక ప్రశ్న వేసికొనవలసి యున్నది: స్త్రీ మనోవేదనను స్త్రీయే తన కంఠముతో వినిపించు భాగ్యము తెలుగు రంగమునకు ఎట్లు కలిగెను?

ఆ భాగ్యమునకు ముఖ్యకారణము సురభివారు. వీరి పూర్వులు మహారాష్ట్ర దేశమునుండి తెలుగునాటికి వచ్చి, తోలుబొమ్మలాడించుచు జీవించిన కుటుంబములవారు. 1885వ సంవత్సరమున కడప మండలమందలి సురభి గ్రామమున ఒక వివాహ సందర్భమున వనారస గోవిందరావుగారు ‘కీచకవధ’ను, బొమ్మలతో గాక మనుష్యులతోనే ప్రదర్శించిరి. ఆ గ్రామ నామమే వారి సమాజములకు ఇంటిపేరైనది. తక్కిన సమాజములకును వీరికిని గల భేదమొక్కటే: వీరిది కుటుంబము. తండ్రి రాజుగా, తల్లి రాణిగా, బిడ్డలు కుశలవులుగా రంగమెక్కెడివారు. ఇంటి యాడువారే నాటకమునందలి యాడువారు. అన్నదమ్ముల నడుమ, అత్తమామల యెదుట పాడు స్త్రీని ఆక్షేపించుటకు లోకమునకు నోరు రాలేదు. లోకము తెరువని తలుపును కుటుంబ గౌరవము తెరచినదని నా యభిప్రాయము.

ఇట్టి కుటుంబమున 1908వ సంవత్సర ప్రాంతమున కమలాబాయి జన్మించెను. ఆమె తండ్రి కృష్ణాజీరావు, తల్లి వెంకూబాయి. ఆమె పుట్టుకను గూర్చి ఒక ముచ్చట వాడుకలో నున్నది. నిండు గర్భిణియైన వెంకూబాయి దమయంతి వేషము ధరించి నటించుచుండగా నొప్పులు వచ్చినవట. తెర దింపి అక్కడనే పురుడు పోసిరట. ప్రేక్షకులు అదియును నాటకములోని భాగమే యనుకొనిరట. జనశ్రుతి కొంత పెంచి చెప్పుట సహజము. అయినను ఈ ముచ్చటలో ఒక సత్యము దాగి యున్నది. ప్రసవదినము వరకును వేషము వేయక తీరని బ్రతుకు వారిది. ఒకనాడు ఆట నిలిచిన, ఆ పూట పొయ్యి వెలుగుట కష్టము. మనము చూచి చప్పట్లు కొట్టిన వైభవము వెనుక ఇట్టి శ్రమ కలదు.

కమలాబాయి మాటలు వచ్చుటతోడనే వేషములు వేయ నారంభించెను. బాలకృష్ణుడు, ప్రహ్లాదుడు మొదలగు బాలపాత్రలు ఆమె తొలి బడి. పెరిగిన పిదప నాయికా పాత్రలు ధరించెను. ఆనాటి సంగీత నాటకమున నటించుట యనగా పాడుటయే. మైకు లేదు. చుట్టును రేకులో, తడికలో కట్టిన పాక. ముందు నేలపై కూర్చున్నవారు, వెనుక బల్లలపై కూర్చున్నవారు, ఆ వెనుక నిలుచున్నవారు. హార్మోనియము హెచ్చు శ్రుతిలో అందుకొనగా, పద్యములోని ప్రతి యక్షరమును చిట్టచివర నిలిచినవానికి సైతము వినబడునట్లు పాడి, పిదప రాగము తీయవలెను. ‘వన్స్ మోర్’ అని జనము కేక వేసిన, చనిపోయిన పాత్ర లేచి మరల పాడి మరల చనిపోవుటయు కలదు! ఇట్లు తెల్లవారువరకు పాడి, మరునాడు మరల పాడవలెను. ఈ సాధనకు మించిన సంగీత పాఠశాల వేరొకటి యుండునా?

ఆ సాధనయే ఆమెను బొంబాయికి చేర్చినది. 1931వ సంవత్సరమున ‘ఆలం ఆరా’ యను హిందీ చిత్రముతో మన దేశమున బొమ్మ మాటలాడ నేర్చినది. పిదప ఆ చిత్రమును తీసిన ఇంపీరియలు కంపెనీ పక్షమున హెచ్.ఎం.రెడ్డిగారు తెలుగు చిత్రమును తీయ సంకల్పించి, ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ‘భక్త ప్రహ్లాద’ నాటకమును గ్రహించి, సురభి నటులను రప్పించిరి. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు; కమలాబాయి లీలావతి. చిన్ననాడు ప్రహ్లాదుని వేషము వేసిన బాలిక, ఇప్పుడు ప్రహ్లాదునకు తల్లి యైనది! చందాల కేశవదాసుగారు పాటలు వ్రాసిరి. ఒకరు పాడగా మరియొకరు పెదవులు కదలించు పద్ధతి ఆనాటికి రాలేదు. నటించుచున్నవారే, యంత్రము తిరుగుచుండగా, తప్పు లేకుండ పాడవలసి యుండెను. రంగమున ఆరితేరినవారికి గాని అది సాధ్యము కాదు. కావుననే తెలుగు చలనచిత్రము తన తొలి కంఠమును నాటకశాలనుండి ఎరువు తెచ్చుకొనెను.

ఈ చిత్రము 1931 సెప్టెంబరు 15న విడుదల యైనదని చిరకాలము అందరు వ్రాయుచు వచ్చిరి. పిదప పరిశోధకులు సెన్సారు పత్రములను, ఆనాటి ప్రకటనలను వెదకి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో తొలుత ప్రదర్శింపబడినదని నిర్ధారించిరి. లెక్కలు వ్రాయువానిగా ఈ దిద్దుబాటు నాకెంతయో తృప్తి నిచ్చినది. పదిమంది చెప్పిన మాటకన్న ఒక కాగితము గట్టిది.

ఆ 1932వ సంవత్సరముననే కమలాబాయి ‘పాదుకా పట్టాభిషేకము’న సీతగను, ‘శకుంతల’లో శకుంతలగను నటించెను. ‘శకుంతల’లో యడవల్లి సూర్యనారాయణగారు దుష్యంతుడు. పిమ్మట కొంతకాలము బొంబాయిలోనే యుండి హిందీ చిత్రములందును నటించెను. కాలము మారినది; కొత్త ముఖములు, కొత్త కంఠములు వచ్చినవి. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ని చూడనివారు మన గ్రామమున అరుదు. అందు తోటరాముని తల్లిగా కనబడు ఇల్లాలు ఈ కమలాబాయియే. ఒకనాటి తొలి కథానాయిక ఈమెయే యని ఎందరికి తెలియును? 1971లో ఆమె స్వర్గస్థురాలైనది. స్త్రీ పాత్రలకు పురుష రూపమున ప్రాణము పోసిన స్థానంవారును అదే సంవత్సరమున కన్నుమూయుట విధి విలాసము. రెండు మార్గములును ఒక్క యేటనే తమ ప్రతినిధులను కోల్పోయినవి.

ఇక నా బాధ చెప్పెదను. ‘భక్త ప్రహ్లాద’ చిత్రము నేడు ఎక్కడను లభ్యము కాదు. తెలుగు చిత్రమున మనకు వినబడిన మొదటి స్త్రీ గానము అట్లే గాలిలో కలసినది. ఆమె పాకలలో, సంతలలో పాడిన పద్యములకు అసలే ముద్రణ లేదు. సెంటు భూమికి హద్దురాళ్లు పాతి కాపాడుకొను మనము, తరముల సొత్తైన పాటను ఇంత సులభముగ పోగొట్టుకొంటిమి.

పోయినది తిరిగి రాదు. మిగిలినదైనను నిలుపుకొందము. మన గ్రామమున ఇప్పటికిని నాటకముల పద్యములు నోటికి వచ్చిన వృద్ధులు, తాతల నుండి విన్న ముచ్చటలు చెప్పగల యమ్మలు కలరు. ఇండ్లలోని పాత పెట్టెలలో నాటకముల కరపత్రములు ఉండవచ్చును. వానిని తెచ్చి గ్రంథాలయమునకు ఇండు. యువకులారా, పెద్దల కంఠములను మీ చేతి యంత్రములలో పట్టి ఇచట భద్రపరపుడు. ఏ యూరిలో, ఏ సంవత్సరమున, ఎవరు పాడిరో ఒక చిట్టాలో వ్రాసి యుంచుడు. ఇరువదియైదేండ్లుగా పుస్తకములను కాపాడిన ఈ గ్రంథాలయము ఇకమీదట పాటను గూడ కాపాడినచో, స్వర్ణోత్సవ సంచిక వ్రాయువాడు నావలె పోయినదానికి వగవనక్కరలేదు. ఉన్నదానిని లెక్క వ్రాసికొని సంతోషించును.